వరద సాయానికి వెళ్ళిన నాలుగు రోజులు ఏ లెక్కలో రాయాలి?

మీ సంగతి నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మీరు చెన్నైలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు. సొంతూరు విజయవాడ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మర్నాడు సోమవారం ఆఫీసు అయ్యాక మాధవరంలో బస్సెక్కి వెళ్ళి, స్నేహితులతో కలిసి శుక్రవారం దాకా నడుముల్లోతు నీళ్ళలో భోజనం పొట్లాలు, మంచినీళ్ళు పంచారు. శనివారం వినాయక చవితి, ఆ మర్నాడు ఆదివారం. 9వ తేదీ సోమవారం డ్యూటీలో చేరారు. వెళ్ళేముందు సెక్షన్ ఆఫీసరుకు వాట్సాప్‌లో చెప్పారు. ఇప్పుడు ఆ నాలుగు పనిదినాలు అనధికార గైర్హాజరు అంటూ మెమో చేతికిచ్చారు. అమెరికాలో ఇల్లినాయ్ స్టేటు గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్న మీ బావగారేమో "మాకు ఇలాంటి పనికి 20 రోజులు జీతంతో లీవిస్తారు, మీకు లేకుండా ఎలా ఉంటుంది" అన్నారు. మనకు అలాంటి లీవు ఉందా, మెమోకు ఏం రాయాలి అని మీరు అడుగుతున్నారు.

నేను ఇదే ఊళ్ళో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో పందొమ్మిదేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులోనే. లీవు అప్లికేషన్లు, సర్వీసు పుస్తకాలు, ఇంక్రిమెంట్లు, ఇవే నా ప్రపంచం. అందుకని సూటిగా చెబుతాను. మీరు వెళ్ళినట్టు సొంతంగా వెళ్ళినవాళ్ళకి జీతంతో ప్రత్యేక సెలవు లేదు. ఆ పేరుతో నా చేతుల మీదుగా ఒక్క మంజూరు కూడా వెళ్ళలేదు. అయితే ఆ నాలుగు రోజుల్ని సక్రమం చేయించుకునే దారి ఉంది. దానికంత టెన్షన్ పడక్కర్లేదు. టెన్షన్ పడాల్సింది మీ ప్రశ్నలో ఇంకోచోట ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ బావగారి మాట. ఆయన చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. ఇల్లినాయ్ చట్టంలో ఏడాదిలో 20 పనిదినాల దాకా జీతంతో వెళ్ళవచ్చు. ఎవరు? అమెరికన్ రెడ్‌క్రాస్ దగ్గర శిక్షణ పొంది, విపత్తు సేవకుడిగా సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగి. ఎప్పుడు? రెడ్‌క్రాస్ ఫలానావాణ్ణి పంపండి అని అడిగినప్పుడు, పై అధికారి సరేనన్నప్పుడు. టెక్సాస్‌లో ఇంకా బిగువు. అక్కడ ఏడాదికి 10 రోజులే, గవర్నరు ఆమోదం కావాలి, పైగా రాష్ట్రం మొత్తం మీద ఒక్కసారి 350 మందికి మించి ఈ సెలవుకి అర్హులు కారు. ఆ 350 అనే అంకె నాకు భలే నచ్చింది. రాసినవాడెవడో నాలాగే ఏదో ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కూర్చుని ఉంటాడు. అందరూ వరదకు పోతే పెన్షన్ ఫైలు ఎవడు కదుపుతాడన్న బెంగ అందులో కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో కూడా 2019 చివర్లో అడవులు తగలబడినప్పుడు, మంటలార్పే వాలంటీర్లుగా ఉన్న కేంద్ర ఉద్యోగులకు కనీసం 20 పనిదినాలు జీతంతో సెలవిస్తామన్నారు. వాళ్ళూ ముందు నుంచి అగ్నిమాపక దళాల్లో పేరున్నవాళ్ళే. బస్సెక్కి వెళ్ళొచ్చి తర్వాత అడిగే సెలవు అక్కడా లేదు.

మన దగ్గర ఇలాంటివాటికి వాడే మాట స్పెషల్ సీఎల్, అంటే ప్రత్యేక క్యాజువల్ లీవు. ఆ జాబితా చూస్తే మీకు నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది. రక్తదానానికి ఆ రోజు ఇస్తారు. అవయవదానం చేస్తే 2023 నుంచి 42 రోజులు. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు ఉంది. ఆటల పోటీలకు ఉంది. గుర్తింపు పొందిన బృందంతో హిమాలయాలెక్కడానికీ ఉంది. కొండెక్కితే ఉంది గానీ కొంపలు మునిగినచోట నీళ్ళలోకి దిగితే లేదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను, 2015లో, మా పై అధికారిని. ఆయన "నువ్వు డ్రాఫ్ట్ పెట్టు, నేను ఢిల్లీకి పంపిస్తాను" అన్నారు. పెట్టాను. జవాబు రాలేదు.

వరదకు సంబంధించి ఆ జాబితాలో ఉన్నది ఒకటే. ప్రకృతి వైపరీత్యం వల్ల రాకపోకలు ఆగి, ఆఫీసుకు మూడు మైళ్ళ అవతల ఉన్న ఉద్యోగి రాలేకపోతే ఆ రోజుకు స్పెషల్ సీఎల్ ఇవ్వవచ్చు. పాత ఉత్తర్వు కాబట్టి మైళ్ళ లెక్క. 2015 డిసెంబరులో సైదాపేట అవతల ఉండే మా సహోద్యోగి ఒకాయన ఇంటి నుంచి ఆఫీసు రెండున్నర మైళ్ళే. అడయారు పొంగి సైదాపేట వంతెన మూసేశారు కాబట్టి చుట్టూ తిరిగొస్తే ఏడు మైళ్ళని ఆయన కాగితం మీద మ్యాపు గీసి తెచ్చాడు. ఆ మ్యాపు ఫైల్లో పెట్టి మంజూరు చేశాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ సెలవు వరదలో చిక్కుకున్నవాడిది. వరద దగ్గరికి వెళ్ళినవాడిది కాదు. మీ ఆఫీసు చెన్నైలో, వరద విజయవాడలో. దీన్ని అడగకండి.

ఇప్పుడు అసలు విషయం. ఎన్ని రోజులు ఇస్తారన్నది చిన్న ప్రశ్న. ఆ రోజుల్లో మీరు ఎవరి తరఫున అక్కడ ఉన్నారని రికార్డులో పడిందో, అదే తర్వాత మీ వెంట వస్తుంది. హుద్‌హుద్ తర్వాత విశాఖకు బయటి జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బంది వెళ్ళారు. వాళ్ళు వాలంటీర్లు కారు, డ్యూటీ మీద వెళ్ళారు. అంటే జీతం, భత్యం, దెబ్బ తగిలితే ఆఫీసు బాధ్యత. హోంగార్డు, సివిల్ డిఫెన్స్, టెరిటోరియల్ ఆర్మీ లాంటివాటిలో ఆఫీసు అనుమతితో ముందే చేరినవాళ్ళను పిలిస్తే, సొంత లీవు కోతపడకుండా వేరే ఉత్తర్వులున్నాయి. ఈ రెండూ కానివాడు సొంత లీవు మీద వెళ్ళాలి. మూడు గళ్ళు. ఏ గడిలో ఉన్నారో తెలియకుండా నీళ్ళలోకి దిగితే ఏమవుతుందో నేను చూశాను.

2015 డిసెంబరు 1 ఉదయం నుంచి మర్నాడు ఉదయానికి తాంబరం వైపు 49 సెంటీమీటర్ల వాన కురిసింది. చెంబరంబాక్కం చెరువు నీళ్ళు వదిలారు. మా సెక్షనులోనే ఇద్దరు సాయానికి వెళ్ళారు. ఒకాయన వయసు యాభై, మూడేళ్ళుగా హోంగార్డులో ఉన్నాడు. చేరేటప్పుడే ఆఫీసు నుంచి నో అబ్జెక్షన్ తీసుకున్నాడు. పిలుపు కాగితం వచ్చింది, ట్రాఫిక్ మళ్ళించే పని ఇచ్చారు, అయిదో రోజున తేదీలతో సర్టిఫికెట్ తెచ్చాడు. ఆయన ఫైలు రెండు రోజుల్లో తేలింది, స్పెషల్ సీఎల్.

రెండోవాడు ఇరవై ఎనిమిదేళ్ళవాడు, మా నెల్లూరు పిల్లోడే. కాశిమేడు నుంచి జాలర్లు లారీల మీద పడవలు తెస్తుంటే వాళ్ళతో కలిసి ముడిచ్చూరు వెళ్ళాడు. మూడు రోజులు. మేడల మీద చిక్కుకున్న ముసలివాళ్ళను ఎత్తుకుని పడవలోకి దింపాడు. ఆ ఇద్దరిలో ఎవరెక్కువ పని చేశారో వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళలో కనబడని రేకు తగిలి వాడి అరికాలు తెగింది. కట్టు కట్టుకుని మళ్ళీ దిగాడు. వారం తర్వాత జ్వరం, కళ్ళు పచ్చబడ్డాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అన్నారు. మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. మొదటి మూడు రోజులకు ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు, సర్వీసు మీద జమయ్యే జీతం సెలవు), ఆస్పత్రి రోజులకు మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవు. అంటే ఒక్కో రోజుకు రెండేసి హాఫ్ పే లీవులు పోయాయి. వాడి ఈఎల్ అప్లికేషన్ నేనే నింపాను, వాడు మంచం మీద ఉన్నాడు కాబట్టి. అందులో 'సెలవు ఎందుకు' అనే గడి ఉంటుంది. అక్కడ అలవాటుగా 'సొంత పని' అని రాశాను. తర్వాత వాడు సంతకం పెడుతూ ఆ మాట దగ్గర ఆగి నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. సంతకం పెట్టాడు.

వాడు కోలుకున్నాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ నీళ్ళలో ఇంకేమైనా జరిగి ఉంటే, డ్యూటీ వల్ల కలిగిన మరణానికో వైకల్యానికో ఇచ్చే ఎక్స్‌ట్రా ఆర్డినరీ పెన్షన్ సంగతి వాళ్ళింటివాళ్ళు అడిగేటప్పటికి ఫైల్లో కనబడేది ఆ రెండు మాటలే. మీరు కనీసం ఆ గడిలో 'విజయవాడ వరద సహాయ కార్యక్రమంలో పాల్గొనేందుకు' అని రాయండి. దానివల్ల అదనంగా ఒక్క రూపాయి కూడా రాదు. అయినా రాయండి.

అన్నట్టు ఆ వరదలోనే మా రికార్డు రూము కూడా మునిగింది. సర్వీసు పుస్తకాలు ఫ్యాన్ల కింద పరిచి, పేజీకి పేజీకి మధ్య పాత దినపత్రికలు పెట్టి ఆరబెట్టాం. ఇంకు పెన్నుతో రాసిన ఎంట్రీలు నీలం మరకలై పోయాయి. బాల్ పెన్నుతో రాసినవి నిక్షేపంగా ఉన్నాయి. ఇద్దరు ముగ్గురి లీవు ఖాతాలు జీతం బిల్లులు తిరగేసి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. మీ మంజూరు ఉత్తర్వు జిరాక్సు ఒకటి ఇంట్లో పెట్టుకోమని చెప్పడానికే ఇదంతా.

ఇక వాట్సాప్. మీరు "సార్, ఊరు మునిగింది, వెళ్తున్నాను, వచ్చి లీవు రాస్తాను" అని పెట్టారు. ఆయన బొటనవేలి గుర్తు పెట్టారు. వేలిముద్ర చెల్లుతుంది గానీ వాట్సాప్ బొటనవేలు మంజూరు కిందికి రాదు. సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసు) లీవు నిబంధనల్లో ఏడో నిబంధన మొదటి మాటే, సెలవు హక్కుగా అడిగేది కాదని. అయినా ఆ స్క్రీన్‌షాట్ పనికొస్తుంది. మంజూరుకు రుజువు కాకపోయినా మీరు చెప్పకుండా పోలేదనడానికి రుజువు. 'కావాలని గైర్హాజరు' అనే మాటను అది ఒక్కటే కొట్టేస్తుంది. దాన్ని ప్రింటు తీసి, తేదీ సమయం కనబడేట్టు జతచేయండి.

ఇప్పుడు నేను భయపడుతున్న చోటు. ప్రశ్న చివర్లో ఒక వాక్యం ఊరికే రాసినట్టు రాశారు: ఆఫీసు గ్రూపులో మీ ఫోన్ నంబరు పెట్టి చందాలు అడిగారు, డబ్బు మీ ఖాతాలోకి వచ్చింది, దాంతో బియ్యం, బ్రెడ్డు, పాలపొడి కొన్నారు. తమ్ముడూ, సెలవు లేకుండా నాలుగు రోజులు పోవడం కన్నా ఇది పెద్ద సంగతి. కాండక్ట్ రూల్స్‌లో పన్నెండో నిబంధన తీసి చూడండి. ప్రభుత్వ అనుమతి ముందుగా లేకుండా ఉద్యోగి ఏ ఉద్దేశంతోనైనా సరే విరాళాలు అడగకూడదు, తీసుకోకూడదు, వసూళ్ళతో సంబంధం పెట్టుకోకూడదు. డబ్బే కాదు, వస్తువులైనా అంతే. మంచి పనికని మినహాయింపు లేదు. ఉచితంగా సామాజిక సేవ చేసుకోవడానికి పదిహేనో నిబంధన ఒప్పుకుంటుంది, మీ డ్యూటీకి అడ్డు రానంత వరకు. నీళ్ళలో నిలబడి పొట్లాలు పంచడం ఆ నిబంధనకు లోబడినదే. ఆ పొట్లాలకు డబ్బు పోగుచేయడం పన్నెండో నిబంధనకు అడ్డం వస్తుంది. చాలామందికి ఈ తేడా తెలియదు. నాకూ ఆ సీటులోకి వచ్చిన నాలుగో ఏడుదాకా తెలియదు.

చేయాల్సింది ఇది. వచ్చిన ప్రతి రూపాయి, ఖర్చు పెట్టిన ప్రతి బిల్లు ఒక కాగితం మీదికి తెండి. మిగిలింది ఉంటే మీ దగ్గర ఒక్క రోజు కూడా ఉంచకుండా ముఖ్యమంత్రి సహాయనిధికి పంపి రసీదు తీసుకోండి. ఆ లెక్క అదే గ్రూపులో అందరికీ పెట్టండి. మెమోలో అడిగింది గైర్హాజరు గురించి, కాబట్టి జవాబు దానికే పరిమితం చేయండి. వసూళ్ళ గురించి రేపు ఎవరైనా అడిగితే మాత్రం దాచకండి. లెక్క సిద్ధంగా ఉన్నవాడి మీద నేను చూసినంతలో మందలింపు దాటి పోలేదు. లెక్క లేనివాడి కథ వేరు. ఇకమీదట ఖాతా నంబరు ఇవ్వాలంటే ఏదైనా రిజిస్టరైన సంస్థది ఇవ్వండి, అడగడం కూడా వాళ్ళనే అడగనివ్వండి.

మెమో జవాబు. ముందు మీ సీఎల్ ఎన్ని మిగిలాయో చూసుకోండి. కేంద్రంలో ఏడాదికి ఎనిమిదే కదా. పక్కన తమిళనాడు ఉద్యోగికి 12, మన ఆంధ్రాలో 15. సెప్టెంబరుకల్లా నాలుగు సీఎల్ మిగుల్చుకున్న కేంద్ర ఉద్యోగిని నేనింకా చూడలేదు. మీకు ఒక్కటే ఉందన్నారు. ఒక సీఎల్, మూడు ఈఎల్ అని కలిపి రాయడం కుదరదు, ఆ రెండూ కలవవు. అందుకని నాలుగూ ఈఎల్‌గానే అడగండి, 3వ తేదీ నుంచి 6 వరకు, 7, 8 తేదీల సెలవులు వెనక కలుపుకునే అనుమతితో సహా. ఆ చివరి ముక్క వదిలేయకండి. మీ నాలుగు రోజులు తేలకుండా ఉంటే, తర్వాతి రెండు సెలవు రోజుల మీద కూడా ఎవరో ఒకరు పెన్సిలుతో ప్రశ్నార్థకం పెడతారు.

జవాబు ఒక పేజీ దాటకూడదు. ఏం జరిగింది, ఎందుకు ముందుగా లీవు రాయలేకపోయారు, ఎప్పుడు చెప్పారు, ముందస్తు మంజూరు తీసుకోకపోవడం తప్పేనని ఒక వాక్యం, ఖాతాలో ఉన్న ఈఎల్‌తో సర్దుబాటు చేయమని విన్నపం. స్పెషల్ సీఎల్ అన్న మాటే ఎత్తకండి. ఎత్తారా, ఫైలు 'స్పష్టత కోసం' పైకి పోతుంది. పైకి పోయిన ఫైలు కిందికి రావడానికి ఏడాదైనా పడుతుంది, అంతదాకా మీ గైర్హాజరు గైర్హాజరుగానే ఉంటుంది. జతచేసేవి: రానూపోనూ బస్సు టికెట్లు, మీరు కలిసి పనిచేసిన బృందం తేదీలతో ఇచ్చే లెటర్, అక్కడి వార్డు సచివాలయం నుంచి ఒక చిన్న ధ్రువీకరణ దొరికితే ఇంకా మంచిది. పొట్లం అందిస్తూ తీసుకున్న ఫొటోలు పెట్టకండి. ఆఫీసరు కడుపు నిండా కోపంతో ఉన్నప్పుడు ఫొటోలు ఆ కోపాన్ని పెంచుతాయి. ఇది నిబంధన కాదు, నా అనుభవం.

ఒకవేళ ఈఎల్ ఇవ్వమని మొండికేశారనుకోండి. అప్పుడూ ఆ లీవు నిబంధనల్లోని ముప్ఫై రెండో నిబంధనలో ఆరో ఉపనిబంధన ఉంది. సెలవు లేకుండా పోయిన రోజుల్ని తర్వాతైనా జీతం లేని అసాధారణ సెలవుగా మార్చే అధికారం మంజూరు చేసే అధికారికి ఇచ్చింది. నాలుగు రోజుల జీతం పోతుంది, కానీ 'అనధికార' అన్న మచ్చ పోతుంది. దాన్ని మీరుగా మొదటే అడగకండి. అది వాళ్ళు బేరానికి పెట్టుకునే మాట.

ఈసారి మళ్ళీ వెళ్ళాలనుకుంటే, వెళ్తారని మీ రాతలోనే తెలుస్తోంది, ముందే ఏదో ఒక చోట పేరు నమోదు చేసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' అని 12 రోజుల శిక్షణ పెట్టింది, దేశమంతా లక్ష మందికి ఇవ్వాలని. 18 నుంచి 40 ఏళ్ళ లోపువాళ్ళకు. పడవ, తాడు, ప్రథమ చికిత్స నేర్పి కిట్టు ఇస్తారు, బీమా కూడా ఉంది. చేరడానికి ముందు ఆఫీసు నుంచి నో అబ్జెక్షన్ రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత పిలుపు వస్తే అది కలెక్టరాఫీసు నుంచి, మీ ఆఫీసు అధిపతి పేరిట వచ్చేలా చూడండి. 2005 విపత్తు చట్టం కింద జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఆయన లెటర్ మీద మీ ఆఫీసు తలవంచాలనేం లేదు, కానీ 'మీ సొంత పని' అని మాత్రం అనలేదు. నా మనసులో మాటైతే, టెక్సాస్‌వాళ్ళు చేసినట్టు ఈ ఆపద మిత్ర జాబితాకే స్పెషల్ సీఎల్‌ను ముడిపెట్టి, ఆఫీసుకు ఇంతమందని హద్దు పెట్టేస్తే సరిపోతుంది. నా పాత డ్రాఫ్టులోనూ అదే రాశాను.

ఒక హెచ్చరిక కూడా. అదే చట్టంలో 56వ సెక్షను ఉంది. విపత్తు డ్యూటీ పడిన అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని వదిలేసి వెళ్తే ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. రేపు చెన్నైలోనే మళ్ళీ 2015 లాంటిదో, 2023 డిసెంబరులో మిచాంగ్ లాంటిదో వచ్చి మీ ఆఫీసుకు కంట్రోల్ రూము డ్యూటీ పడితే, మీ మనసు వేళచేరిలోని స్నేహితుడి దగ్గరున్నా, మీరుండాల్సింది ఆ ఫోను దగ్గరే.

జవాబు రెండు కాపీలు తీయండి. ఒకటి ఇన్‌వర్డ్ సెక్షనులో ఇచ్చి, రెండోదాని మీద సీలు, నంబరు, తేదీ వేయించుకోండి. సంతకం బాల్ పెన్నుతో పెట్టండి.